ట్యాబ్‌లొచ్చాయి, గేములు బాగా ఆడుతున్నారు, చదవడం మాత్రం రావట్లేదు... ఏం చెయ్యను అక్కా?

ఈసారి ఉత్తరం ఒడిశాలోని గజపతి జిల్లా నుంచి. కొంచెం కుదించి పెడుతున్నాను.

"అక్కా నమస్తే. పర్లాకిమిడికి దగ్గర్లో ఒక ఊళ్ళో మూడో తరగతి చెప్తున్నాను. 23 మంది పిల్లలు. 17 మంది ఇళ్ళల్లో తెలుగు, ఆరుగురు సవర గిరిజన పిల్లలు. బడి ఒడియా మీడియం, తెలుగు పీరియడ్లు కూడా నావే. జూలైలో ఎవరో దాతలు ఐదు ట్యాబ్‌లు ఇచ్చారు. వార్షికోత్సవానికి డిజిటల్ రీడింగ్ రైటింగ్ ప్రాజెక్ట్ అని ఒకటి చూపించాలని హెడ్ సార్ పట్టుబట్టారు. నెలన్నరగా ఆప్‌లు పెట్టి ఆడిస్తున్నాను. ట్యాబ్ తీస్తే పరిగెత్తుకొస్తారు, స్టార్లు పాయింట్లు తెచ్చుకుంటారు, కానీ బోర్డు మీద నాలుగు వాక్యాలు రాస్తే చదవలేరు. వాయిస్ టైపింగ్ నేర్పితే ఒకడు పేజీ నింపేశాడు, ఏదీ చదవరా అంటే దిక్కులు చూశాడు. మొన్న ఒక పిల్లాడి నాన్న బడికొచ్చి, ఇంట్లో ఫోన్ మాన్పించలేక మేం చస్తుంటే మీరూ అవే ఇస్తున్నారా అని గొడవ. అన్నీ బీరువాలో పెట్టేసి పలకా బలపంతో పోనా? లేక నాకే వాడడం రావట్లేదా?"

తమ్ముడూ,

ముందు ఆ ట్యాబ్‌లు బీరువాలో పెట్టకు. మన బడుల్లో బీరువాలోకెళ్ళిన వస్తువు మళ్ళీ బయటపడాలంటే ఇన్‌స్పెక్షన్ రావాల్సిందే. నువ్వు చెడగొట్టింది కూడా ఏం లేదు. పేజీ నింపేసి దిక్కులు చూసిన ఆ పిల్లాడున్నాడు చూడు, వాడి దగ్గరే మొదలెడదాం.

వాడేం చేశాడు? నోటితో చెప్పాడు, మిషను రాసింది. మాట వాడిదే గానీ రాత వాడిది కాదు. ఏ శబ్దానికి ఏ అక్షరం, ఇక్కడ దీర్ఘం ఉందా లేదా, వత్తు దేనికివ్వాలి, వాక్యం ఎక్కడ ఆపాలి అని బుర్ర గోక్కునే పని ఒకటుంది కదా, మూడో తరగతిలో నేర్చుకోవాల్సింది మొత్తం ఆ గోక్కోవడమే, ఆ పని కాస్తా మిషను చేసిపెట్టేసింది. గేముల సంగతీ అంతే. మా మనవడి పక్కన కూర్చుని ఓ పది నిమిషాలు గమనించాను, అక్షరం వస్తుంది, కింద నాలుగు బొమ్మలుంటాయి, వీడు అక్షరం వైపు చూడనే చూడడు, వరసపెట్టి నొక్కుకుంటూ పోతాడు, మూడో నొక్కుకో నాలుగో నొక్కుకో ఎలాగూ స్టార్ వచ్చేస్తుంది. చప్పట్ల సౌండు కూడా వస్తుంది. వాడికొచ్చింది నొక్కడం, చదవడం కాదు.

నేనూ ఈ గోతిలో పడ్డదాన్నేలే. ఒకప్పుడు నేను పనిచేసిన బడికి కంప్యూటరు, ప్రింటరు వచ్చాయి. ఊళ్ళో ఎవరికీ లేనిది మాకుందని ఒకటే సంబరం. పిల్లలతో కథల పుస్తకం చేయిద్దామని కూర్చున్నాను. ఒక్కో పిల్ల ఒక్కో కథ చెప్పడం, నేను టైపు కొట్టడం, తప్పులు నేనే దిద్దడం, బొమ్మలు నేనే పెట్టడం, రంగుల అట్ట వెయ్యడం, రెండు వారాలు నిద్రలేదు. ఫంక్షన్ రోజు స్టేజి మీదున్న పెద్దమనిషి ఒక పిల్లాడ్ని పిలిచి నీ కథ చదువు బాబూ అన్నాడు. వాడు పుస్తకం తెరిచి గుక్కతిప్పుకోకుండా చదివేశాడు, గుణుపురం రైలెక్కి అమ్మమ్మ ఊరెళ్ళిన కథ. చప్పట్లే చప్పట్లు. నేను పక్కనుంచి తొంగి చూస్తే వాడు తెరిచిన పేజీలో మేక బొమ్మ ఉంది. పక్క పిల్లది ఆ పేజీ. మేక కథ పట్టుకుని రైలు కథ చదివేశాడు నా శిష్యుడు. ఎవరూ చూడలేదు. నేను చూశాను, ఆ రాత్రి అన్నం సహించలేదు.

కాబట్టి నీకు చెప్పేది ఒక్కటే. ట్యాబ్‌ని చెవిలా వాడు. నోటిలా వద్దు, చేతిలా అసలే వద్దు. అంటే పిల్ల చెప్పింది అది వినాలి, దాచాలి, అడిగినప్పుడల్లా తిరిగి వినిపించాలి, అంతవరకే. రాసేది పిల్ల చెయ్యి, చదివేది పిల్ల నోరు. ట్యాబ్‌లో ఇంకో వంద ఆప్‌లున్నాయి కదా అంటావు, ఉండనీ. ఏ ఫోన్‌లో అయినా వచ్చే సౌండ్ రికార్డరూ కెమెరా, ఈ రెండిటితో నీ ప్రాజెక్టు మొత్తం అయిపోతుంది, నెట్ కూడా అక్కర్లేదు, కొండల పక్క సిగ్నల్ సంగతి నీకు నేను చెప్పాలా.

ఎలాగో ఒక పిల్లతో చెప్తాను, ఇది నేను రిటైరయ్యే ముందు ఏడాది చేసింది. ఆ పాప క్లాసులో నోరు విప్పదు. ఒకరోజు మధ్యాహ్న భోజనం దగ్గర కూర్చుని మీ ఇంట్లో పొద్దున్నే ఏం తిన్నావే అంటే మొదలెట్టింది. ఫోన్ పక్కన పెట్టి ఎర్ర బటన్ నొక్కాను, దాని ముందే నొక్కాను, దొంగతనంగా కాదు. సరిగ్గా అరనిమిషం. ఏం చెప్పిందో విను, "మా మామ్మ సోళ్ళు ఇసురుతాది. తిరగలి సప్పుడుకి మా కుక్క పారిపోతాది. అంబలి కాసినాక నాకు గిన్నెడు ఎడతాది, తాతకి సెంబుడు ఎడతాది. తాత ఉల్లిపాయ అడుగుతాడు, మామ్మ లేదంటాది, పొయ్యికాడ దాసీసి ఉంటాది."

ఎంత బాగుందో చూడు, ఆ ఉల్లిపాయ దాచడం దగ్గర నేను నవ్వాపుకోలేకపోయాను. మర్నాడు దానికి ఇయర్‌ఫోన్ ఇచ్చి, మొదటి వాక్యం విని ఆపి, కాగితం మీద రాయమన్నాను. రాసింది, "మా మమ సొలు ఇసురుతది". నేను ఎర్రపెన్ను తియ్యలేదు. ఇంకోసారి విను, వేలితో నీ రాత మీద చూపించుకుంటూ విను అన్నాను. రెండోసారి ఏం తేడా కనిపించలేదు దానికి. మూడోసారి విన్నాక "మామ్మ" దగ్గర ఆగింది, కాగితం చూసింది, మళ్ళీ వెనక్కి తిప్పి విన్నది, తనంతట తానే దీర్ఘం పెట్టి, కాసేపు పెన్సిల్ కొరికి కింద మ వత్తు పెట్టింది. నేను పక్కనే ఉన్నా ఒక్క అక్షరం చెప్పలేదు. అదీ నేను చెప్పే చెవి పని. నేను అదే వాక్యం పదిసార్లు చెప్పాలంటే మూడోసారికి విసుక్కుంటాను, నాలుగోసారికి మాట మార్చేస్తాను, తెలీకుండానే ఆ వత్తు నొక్కి పలికి జవాబు చెప్పేస్తాను. రికార్డరుకి విసుగు లేదు, మొదటిసారి ఎలా చెప్పిందో ఇరవయ్యోసారీ అలాగే చెప్తుంది, పైగా అది పిల్ల సొంత గొంతు.

ఇప్పుడు నువ్వడుగుతావు, మరి సోళ్ళు అని రాస్తే చోళ్ళు (రాగులు) అని దిద్దాలా వద్దా, సెంబు అంటే చెంబు అనాలా అని. మొదటి రాతలో దిద్దకు. రెండోసారి సాపు రాసేటప్పుడు, పుస్తకంలో ఇలా రాస్తారు, మనం ఇలా అంటాం, రెండూ తెలిసుండాలి అని పక్కపక్కన చూపించు చాలు. ఇది నా సొంత తెలివి అనుకోకు. నువ్వున్న ఊరి పక్కనే, ఆ పర్లాకిమిడిలోనే, గిడుగు రామమూర్తి పంతులు గారు 1880లో బడిపంతులుగా చేరారు. జనం మాట్లాడే భాషలోనే పిల్లలకి చదువు చెప్పాలి, రాయించాలి అని ఆయన జీవితమంతా పోట్లాడింది అక్కడ మొదలైందే. చుట్టుపక్కల కొండల్లో సవరలు మాట్లాడేది నేర్చుకుని, ఆ భాషలో వాళ్ళ పిల్లలకి పాఠాలూ పాటలూ తయారుచేశారు. ఆగస్టు 29 ఆయన పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం అని అక్కడెక్కడో పెద్ద ఊళ్ళలో మైకులు పెట్టి చేస్తారు, నీ బడి మాత్రం ఆయన నడిచిన దారిలో ఉంది తమ్ముడూ. పాపం ఆయన దగ్గర రికార్డర్ లేదు, నీ దగ్గర ఐదున్నాయి.

మన సరిహద్దు పిల్లల తంటా ఒకటుంది, అటు విజయవాడలోనో హైదరాబాదులోనో కూర్చుని ఆప్ తయారుచేసేవాళ్ళకి తెలీదు, అది నువ్వు పట్టుకోవాలి. వీళ్ళకి మొదట నేర్పింది ఒడియా అక్షరాలు. ఒడియాలో తలకట్టు అచ్చు "ఒ"కి దగ్గరగా పలుకుతుంది, మాట చివర కూడా వదలరు. ఆ అలవాటుతో తెలుగు పట్టుకుంటే "పడవ" అని ఉన్నదాన్ని "పొడొవొ" అని చదువుతారు. వంశధారలో రోజూ పడవ చూసే పిల్లలే, నోటితో పడవ అనే అంటారు, అక్షరాల్లో చూస్తే మాత్రం అది పడవ అని తట్టదు. ఇంకోటి, ఒడియా ఠ అచ్చం మన సున్నాలా ఉంటుంది, ఉత్త గుండ్రం. మన ఠలో చుక్క ఉంటుంది, సున్నాలో ఉండదు. అందుకని "కంచం"లో సున్నా చూసి కొంతమంది ఠ అనేస్తారు, వాళ్ళని మొద్దులు అనకు, ఒడియా బాగా చదివే పిల్లలే ఆ తప్పు చేస్తారు. ఎ-ఏ, ఒ-ఓ తేడా ఒడియా రాతలో లేదు, కాబట్టి "తేలు" అని రాయమంటే "తెలు" అని రాస్తారు, "కోడి" రాయమంటే "కొడి". ఏ గేమ్ ఆప్ అయినా తప్పు అని టింగుమంటుంది గానీ ఎందుకు తప్పు చేశాడో దానికేం తెలుసు? పిల్ల చదివింది రికార్డు చేసి సాయంత్రం నువ్వు ఇంట్లో టీ తాగుతూ విను, రెండు రోజుల్లో నీకే ఒక లిస్టు తయారవుతుంది, ఎవరికి దీర్ఘం, ఎవరికి సున్నా, ఎవరికి వత్తు. నా లెక్కలో ట్యాబ్ వల్ల టీచరుకి దొరికే పెద్ద లాభం ఇదే, 23 మందిలో ఒక్కొక్కళ్ళు చదివేది తీరిగ్గా వినడం క్లాసులో ఎప్పటికీ కుదరదు కదా.

సవర పిల్లల గురించి విడిగా చెప్పాలి. తెలుగు ఒక కుటుంబం భాష, ఒడియా ఇంకో కుటుంబం, సవర పూర్తిగా వేరే, ముండా భాషల్లోది. అంటే ఆ ఆరుగురూ ఇంట్లో ఒకటి, బడిలో రెండు, సినిమాల్లో హిందీ, ఇంగ్లీషు పీరియడ్ అదొకటి, ఇన్ని మోస్తున్నారు. వాళ్ళని గ్రూపుల్లో ఒక్కొక్కళ్ళనీ విడిగా పడెయ్యకు, ఇద్దరిద్దర్ని కలిపి పెట్టు, లేకపోతే ఏడాదంతా నోరు విప్పరు. వాళ్ళ కథ సవరలోనే రికార్డు చెయ్యి. నీకు అర్థం కాకపోయినా పర్లేదు, అర్థం కాకపోతేనే మంచిది ఒక రకంగా, అప్పుడు వాళ్ళే నీకు తెలుగులోనో ఒడియాలోనో విడమర్చి చెప్తారు, ఆ చెప్పిందే వాళ్ళ తెలుగు పాఠం. సవరకి సొంత లిపి కూడా ఉంది, మంగేయ్ గొమాంగో గారు 1936లో తయారుచేసింది, సొర సొంపెంగ్ అంటారు, కంప్యూటర్లలో యూనికోడ్‌లోకి కూడా వచ్చింది. ఆ ఊళ్ళో పెద్దవాళ్ళెవరికైనా వస్తే ఒకరోజు బడికి పిలిచి ఆ పిల్లల పేర్లు ఆ లిపిలో రాయించు, ఫోటో తీసి గోడకి పెట్టు. ఒడిశా ప్రభుత్వం 2006-07 నుంచి గిరిజన భాషల్లో చిన్న క్లాసులకి చదువు చెప్పే కార్యక్రమం నడుపుతోంది, సవర అందులో ఉంది, మీ బ్లాక్ ఆఫీసులో అడిగితే ఆ పాత వాచకాలు దొరకొచ్చు, దుమ్ము దులుపుకుని తెచ్చుకో.

చదవడానికి కథలు కావాలంటే డబ్బులు పెట్టక్కర్లేదు. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ అనే వెబ్‌సైటు ఉంది, 2015లో మొదలెట్టారు. తెలుగు, ఒడియా రెండూ ఉన్నాయి, సవరలో కూడా కొన్ని ఉన్నాయి. నాలుగు లెవెళ్ళుగా ఉంటాయి, నీ పిల్లలకి ఒకటో లెవెల్‌తో మొదలెట్టు, మూడో క్లాసు కదా అని మూడో లెవెల్ ఇచ్చి భయపెట్టకు. పర్లాకిమిడి వెళ్ళినప్పుడు నెట్ ఉన్నచోట డౌన్‌లోడ్ చేసుకుని ట్యాబ్‌లో వేసుకో. ప్రింటు తీసుకోవచ్చు, అనువాదం కూడా చేసుకోవచ్చు, ఎవర్నీ అడగక్కర్లేదు, రాసినవాళ్ళ పేరూ బొమ్మలేసినవాళ్ళ పేరూ ఉంచితే చాలు. నేను చేయించిన పనుల్లో పిల్లలు ఎగబడింది దీనికే: ఒడియా కథ ఒకటి తీసుకుని, బొమ్మ చూస్తూ, ఇది మన మాటలో ఎలా చెప్తాం అని గ్రూపుగా కూర్చుని తెలుగు చెయ్యడం. పేజీకి ఒక వాక్యమే ఉంటుంది కాబట్టి భయం లేదు. కొట్టుకుంటారు తెలుసా, "గెంతింది" అనాలా "దూకింది" అనాలా అని ఇద్దరు గుంటలు పావుగంట వాదించుకున్నారు, చివరికి కప్పైతే గెంతుతాది, పిల్లయితే దూకుతాది అని తీర్పిచ్చారు. నీ బడిలో రెండు భాషలుండడం నీకు తలనొప్పి అనుకుంటున్నావు గానీ ఈ పని ఒక్క భాష ఉన్న బడిలో చెయ్యమను చూద్దాం.

టైపింగ్ గురించి ఒక మాట. పిల్లలతో టైపు చేయించాలని ఉంటే, మనందరం ఫోన్‌లో చేసేట్టు ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే పద్ధతి మాత్రం వద్దు. పెద్దాళ్ళకి అది బ్రహ్మాండం, నేనూ ఇదంతా అలాగే కొడుతున్నాను. కానీ తేలుకీ తెలుకీ ఇంగ్లీషులో అదే కొడితే రెండూ చూపించి ఒకటి ఎంచుకోమంటుంది, అసలే ఎ-ఏ తేడా తెలీని పిల్ల, ఏది ముందుంటే అది నొక్కేస్తుంది. పైగా మూడో లిపి ఒకటి మధ్యలో దూరింది. తెలుగు అక్షరాలే కనిపించే కీబోర్డు పెట్టు, లేదా వేలితో రాస్తే గుర్తుపట్టేది ఉంది, అది పెట్టు. అదీ చివర్లో, కాగితం మీద సాపు రాత అయ్యాక, అట్ట మీద పేరుకి మాత్రమే అయినా చాలు. వాయిస్ టైపింగ్ మాత్రం నీకోసం ఉంచుకో, రిజిస్టర్లు రాసుకో దాంతో. చెయ్యి స్వాధీనంలో లేని పిల్లో, పెన్సిల్ పట్టలేని పిల్లాడో ఉంటే అది వేరే సంగతి, వాళ్ళకి అదే చెయ్యి, నిస్సంకోచంగా ఇవ్వు. పై క్లాసు అన్నలు ఫోన్‌లో చాట్‌బాట్‌ని అడిగి ఆవు మీద వ్యాసం రాయించుకుంటున్నారని విన్నాను, మీవాళ్ళకీ ఆ గాలి సోకుతుంది ఇవాళ కాకపోతే రేపు. దానికి పోలీసుపని చెయ్యక్కర్లేదు. "ఆవు గురించి రాయండి" అని ఇస్తే ఎవరైనా రాసిపెడతారు, "మీ మామ్మ ఉల్లిపాయ ఎక్కడ దాస్తుంది" అని ఇస్తే ఏ మిషను రాసిపెడుతుంది?

పైకి చదువుతుంటే విని తప్పులు చెప్పే ఆప్‌లున్నాయి, గూగుల్ వాళ్ళు 2019లో బోలో అని తెచ్చి తర్వాత రీడ్ అలాంగ్ అని పేరు మార్చారు, అలాంటివి. గేముల కంటే నయం, పిల్ల నోరు విప్పుతుంది కనీసం. కానీ 23 మంది ఒక గదిలో అరుస్తుంటే దానికి ఏం వినపడుతుంది, పైగా మన యాస దానికి ఎక్కదు, పిల్ల సరిగ్గా చదివినా ఒప్పుకోదు, పిల్ల ముఖం మాడ్చుకుంటుంది. వరండాలో ఒక్కళ్ళని కూర్చోబెట్టి వాడు, అదీ మనసైతే.

చదివే స్పీడు గురించి మీ హెడ్ సార్ అడుగుతారు, చిన్న క్లాసుల చదువు కోసం కేంద్రం 2021లో తెచ్చిన నిపుణ్ భారత్‌లో రెండో క్లాసు అయ్యేసరికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు, మూడో క్లాసుకి కనీసం 60 అని లక్ష్యం పెట్టారు కదా. లెక్క మంచిదే, కానీ తెలుగు మాట పొడుగు వేరు. "వెళ్ళిపోతున్నాడనుకున్నాను" అనేది తెలుగులో ఒక్క మాట, ఒడియాలో అదే మూడు నాలుగు మాటలు. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ళు 20 భాషల్లో పిల్లల చదువు పరీక్షించినప్పుడు భాషకో లెక్క పెట్టింది అందుకే. నువ్వు పక్కింటి పిల్లతో పోల్చకు, ఆ పిల్లతోనే పోల్చు. ఒకే పేజీ సోమవారం చదివింది రికార్డు, శనివారం చదివింది రికార్డు, రెండూ పక్కపక్కన వినిపించు. సోమవారం తడబాటు విని వాళ్ళే నవ్వుకుంటారు, ఏ మార్కుల కాగితమూ ఇవ్వని ధైర్యం అది ఇస్తుంది. దేశం మొత్తం మీద చూసుకున్నా, 2024లో పల్లె పిల్లల చదువు మీద చేసిన అసర్ సర్వేలో ప్రభుత్వ బడుల మూడో క్లాసు పిల్లల్లో రెండో క్లాసు పాఠం చదవగలిగినవాళ్ళు 23.4 శాతం, రెండేళ్ళ ముందు 16.3 ఉండేది. నీ క్లాసు ఒక్కటే వెనకబడిందని కుంగిపోకు అని చెప్తున్నాను, అంతే.

యంత్రం వస్తే చదువొచ్చేస్తుందని ఆశపడడం మనకి కొత్త కాదులే. 1975 ఆగస్టు నుంచి ఒక ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2400 ఊళ్ళకి టీవీ చూపించారు, ఆంధ్రా ఒడిశా రెండూ ఉన్నాయి అందులో, పొద్దున పూట బడిపిల్లలకి ప్రత్యేకంగా ప్రోగ్రాములు. ఏడాది అయింది, ఉపగ్రహం వెళ్ళిపోయింది. నీ ట్యాబ్‌లూ అంతే, రెండేళ్ళకి బ్యాటరీ ఉబ్బుతుంది, అద్దం పగులుతుంది. అప్పటికి పిల్లల నోట్‌బుక్కుల్లో ఏముందో చూసుకో.

ఇక ఆ నాన్నగారి గొడవ. ఆయన తప్పేం లేదు, ఆయన ఇంట్లో చూసే ఫోన్ వేరు, నువ్వు చెప్పే ఫోన్ వేరు, ఆయనకి తేడా తెలీదు, నెలన్నరగా నువ్వూ ఆడించింది గేములే కదా మరి, నిజం చెప్పుకోవాలి. ఆయన్ని పిలిచి వాదించకు. కొడుకు చేత్తో రాసిన కాగితం ముందు పెట్టు, తర్వాత ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టి వాడు చదివింది వినిపించు. ట్యాబ్ ఇంటికి పంపబోమనీ, రోజుకి అరగంటకి మించి తియ్యబోమనీ ఆయనతోనే చెప్పు. మన పక్క చాలామంది నాన్నలు ఊళ్ళో ఉండరు, గంజాం వాళ్ళు సూరత్ మిల్లులకి, మనవాళ్ళు చెన్నై, కేరళ పోతారు. అలాంటి పిల్లలతో నాన్నకి ఉత్తరం రాయించు, చేత్తో. ఫోటో తీసి, పిల్ల అదే ఉత్తరం చదివిన రికార్డింగ్ కూడా కలిపి వాళ్ళమ్మ వాట్సాప్ నుంచి పంపించు. మా బడిలో ఒక పిల్ల "నాన్నా మన ఆవు ఈనింది, దూడకి నీ పేరే పెట్టినాం" అని రాసింది. ఆయన రాత్రి షిఫ్ట్ దిగి తిరిగి వాయిస్ పంపాడు, నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలీలేదు. ఆ పిల్ల ఆ తర్వాత వారం వారం రాసింది, నేను చెప్పకుండానే. టీచర్ దిద్దడానికి రాసే రాతకీ, ఎదురుచూసే మనిషికి రాసే రాతకీ అంత తేడా ఉంటుంది.

ఒక జాగ్రత్త. పిల్లల ముఖాలు, గొంతులు బడి గ్రూపుల్లో, ఫేస్‌బుక్‌లో పెట్టకు, హెడ్ సార్ పెట్టమన్నా సరే. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టంలో పిల్లల వివరాలకి తల్లిదండ్రుల అనుమతి ఉండాలని ఉంది, చట్టం లేకపోయినా మర్యాద ఉంది. ఫైలుకి పేరు పెట్టేటప్పుడు రోల్ నంబరూ తేదీ చాలు. ఆ తేదీ పెట్టడం మాత్రం మర్చిపోకు, నెల తర్వాత 23 మంది గొంతులు కలిసిపోయి ఏది ఎవరిదో తెలీక జుట్టు పీక్కుంటావు, నేను పీక్కున్నాను.

వార్షికోత్సవానికి ఏం చూపించాలి అంటే, స్క్రీన్ మీద రంగుల స్లైడ్లు వద్దు. పిల్లలు చేత్తో రాసి బొమ్మలేసిన పేజీలు ఫోటో తీసి, వాళ్ళే చదివిన గొంతు వెనక పెట్టి వరసగా నడిపించు, పేజీ కనపడుతుంటే గొంతు వినపడుతుంది. పాట కూడా పెట్టొచ్చు, సవర పిల్లలు పాడిన పాటకి కింద మాటలు కదిలేట్టు. టీవీలో పాటకి అదే భాషలో కింద అక్షరాలు వేస్తే జనానికి చదవడం అలవాటవుతుందని అహ్మదాబాద్ ఐఐఎంలో బ్రిజ్ కొఠారీ గారు 1996లోనే పట్టుకున్నారు, మన కరోకే లాంటిదే. అది అయ్యాక స్టేజి మీదకి పిల్లల్ని పిలిచి, ఎవరి పేజీ వాళ్ళకి కాదు, పక్కవాళ్ళ పేజీ ఇచ్చి చదివించు. నా మేక పేజీ అనుభవంతో చెప్తున్నాను. నత్తినత్తిగా చదివినా ఫర్వాలేదు, హెడ్ సార్ కంగారుపడితే నా పేరు చెప్పు.

సోమవారం పిల్లలు ఐదుగురు, నలుగురు చొప్పున గ్రూపుకో ట్యాబ్, ఆప్‌లన్నీ తీసేసి రికార్డరు ఒక్కటి ముందు పెట్టు, చార్జింగ్ ఆదివారం రాత్రే పెట్టుకో కరెంటుని నమ్మకు. మొదటి ప్రశ్న ఏదైనా పర్లేదు గానీ తిండి గురించి అయితే మాట త్వరగా వస్తుంది. ఆ దిక్కులు చూసిన పిల్లాడ్ని నీ పక్కన కూర్చోబెట్టుకో. వాడు ఆ రోజు వాయిస్ టైపింగ్‌లో ఏం చెప్పాడో నువ్వు రాయనే లేదు ఉత్తరంలో, పేజీడు చెప్పాడంటే ఏదో గట్టి కథే అయ్యుంటుంది. అది నాకు రాసి పంపు, వాడి చేత్తోనే.